ఎర్రాకు నిద్ర

జాజికి ఎండ సరిపడదన్న సంగతి ఇంట్లోవాళ్ళకి ఒక్కసారిగా తెలియలేదు. మొదటిసారి ఇంటిపక్క మొక్కల నర్సరీలో నీళ్ళ పంపు దగ్గర ఆడుకుంటూ చేతులు విదిలించి ఏడ్చినప్పుడు గొంగళిపురుగు పాకిందనుకున్నారు. వేళ్ళు ఉబ్బి, ఎర్రబడి, చర్మం నున్నగా మెరిసింది. కొబ్బరినూనె రాశారు. రెండోసారి ఏదో మొక్క పాలు తగిలాయనుకున్నారు. మూడోసారి ఆ పిల్ల, ఇంకా మాటలు సరిగ్గా కుదురుకోని పిల్ల, చూరు నీడ ఎక్కడ ఆగిపోయిందో సరిగ్గా అక్కడే తనూ ఆగి, వాకిట్లో పరుచుకున్న ఎండవైపు చూపించి, "అమ్మా, మంట" అంది.

రాజమండ్రిలో చర్మవ్యాధుల డాక్టరు ఏలియా గారు రక్తం పరీక్ష చేయించి, జబ్బుకి ఇంగ్లీషులో ఉన్న పొడుగాటి పేరు చెప్పి, ఆ తర్వాత నెమ్మదిగా విడమరిచారు.

"రక్తంలో ఎరుపు తయారవ్వాలంటే ముందు ఒక ముడిసరుకు తయారవ్వాలమ్మా. మీ పాపకి ముడిసరుకు తయారవుతోంది గానీ దాన్ని ఎరుపుగా మార్చే చివరి పని సరిగ్గా జరగట్లేదు. మిగిలిపోయిన సరుకు చర్మంలోకి చేరి కూర్చుంటోంది. ఎండ తగిలితే చాలు, రాజుకుంటుంది."

జాజి తల్లి సువర్చల తల వంచుకుని వింది. ఆమె పనిచేసేది మొక్కల పరిశోధన కేంద్రంలో. డాక్టరు చెప్పిన ముడిసరుకు ఆమెకి బాగా తెలిసినదే. దానికి ఇనుము తోడైతే రక్తంలోని ఎరుపు అవుతుంది. మెగ్నీషియం తోడైతే ఆకులోని పచ్చదనానికి దారి పడుతుంది. మనిషికీ మొక్కకీ ఉన్న ఈ చుట్టరికాన్ని కొత్తగా చేరిన విద్యార్థులకి చెప్పి, వాళ్ళ కళ్ళు పెద్దవి కావడం చూసి మురిసిపోయేది. ఆ రోజు ఆ చుట్టరికం తన ఒళ్ళోనే కూర్చుని, ఉబ్బిన వేళ్ళతో తన కొంగు పట్టుకుని ఉంది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో రోజు సాయంత్రంతో మొదలయ్యేది. పగలంతా కిటికీలకి మందపాటి తెరలు వేలాడేవి. జాజి లోపలి గదిలో పడుకునేది, లేచి చదువుకునేది, తెర అంచున సన్నగా వెలిగే గీత వైపు చూస్తూ కూర్చునేది. సూర్యుడు కాలవ అవతలి కొబ్బరితోటల్లోకి దిగిపోయాక తలుపులు తెరుచుకునేవి. కడియం చుట్టుపక్కల నర్సరీలన్నీ గేట్లు వేసుకునే ఆ వేళకి నూకరాజు నర్సరీ కళ్ళు విప్పేది.

నూకరాజు జాజి తండ్రి. కూతురి కోసం అతను తోట మొత్తాన్ని సాయంత్రం వైపు తిప్పేశాడు. పొద్దుగూకేముందు విచ్చుకునే చంద్రకాంతలు, చీకటి పడ్డాక వాసన విప్పే రాత్రిరాణులు, తెల్లవారకుండానే రాలిపోయే పారిజాతాలు దారికి రెండువైపులా పెంచాడు. తండ్రీకూతుళ్ళు చెరో గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్ళు పెడుతూ నడిచేవాళ్ళు. తడిసిన మట్టి వాసన మీదుగా పూలవాసన కదిలేది. జాజి కళ్ళు మూసుకుని ఏ మొక్క ముందు ఉన్నదీ చెప్పేసేది.

"నాన్నా, మజ్జాన్నం ఎలాగుంటాది?" అని అడిగింది ఒకసారి.

"ఏముంటాదమ్మా, ఉక్కపోత్తాది. సెమట కారతాది. అందరూ ఎప్పుడు సల్లబడతాదా అని సూత్తా ఉంటారు. నువ్వు పోగొట్టుకున్నదేం లేదులే."

"అబద్దం" అంది జాజి నవ్వుతూ.

అబద్ధమేనని నూకరాజుకీ తెలుసు. కానీ ఆ సాయంత్రాలు అబద్ధం కావు. కస్టమర్ల గురించి కథలు కల్పించి చెబుతుంటే పిల్ల పగలబడి నవ్వేది. సువర్చల లాబ్ నుంచి వచ్చేసరికి మొక్కల మధ్య ఎక్కడినుంచో ఆ నవ్వు వినబడేది. మనుషులు కనపడేవాళ్ళు కాదు. చెప్పులు విడవకుండానే ఆ నవ్వు వైపు నడిచేది.

లాబ్‌లో సువర్చల పని ఆకుల రంగుల మీద. ఎండ మితిమీరినప్పుడు ఆకు తనకి తాను గొడుగు పట్టుకుంటుంది, ఆ గొడుగే ఎరుపు. గొడుగు కుట్టే చేతులు విటమిన్లవి. మనలా తినకుండా ఆకు తన విటమిన్లని తానే వండుకుంటుంది. కష్టకాలంలో కాస్త ఎక్కువ వండుకుంటుంది. బయటినుంచి మనం చల్లినా కొన్ని మొక్కలు తీసుకుని ఇంకాస్త రంగెక్కుతాయి, ఎండకి నిలబడతాయి. అంతవరకూ అందరికీ తెలిసిందే. సువర్చల ఒక్క అడుగు ముందుకేసింది. బి-వన్ విటమిన్‌కి చిన్న తోకలాంటిది అతికించి, ఆకు దాన్ని అంత త్వరగా ఖర్చుపెట్టెయ్యకుండా చేసింది. లాబ్‌లో అందరూ దాన్ని తోక విటమిన్ అనేవారు.

రోహిణి కార్తెలో నర్సరీ వెనక రెండు మళ్ళలో ఎర్ర తోటకూర వేసి, పైన కట్టిన నీడవల తీసేసింది. ఒక మడికి తోక విటమిన్ చల్లింది, రెండోదానికి ఉత్త నీళ్ళు. మిట్టమధ్యాహ్నానికి నీళ్ళ మడి వేలాడిపోయింది, ఆకుల అంచులు కాలిన కాగితంలా ముడుచుకున్నాయి. పక్క మడి మాత్రం నిటారుగా నిలబడి ఉంది. దాని ఎరుపు మారిపోయింది. నేరేడుపండు కొరికితే గింజని అంటుకుని ఉండే రంగు. సువర్చల గొడుగు కింద కూర్చుని చాలాసేపు ఆ మడినే చూసింది. తోటకూరకి ఇంతకుముందెన్నడూ లేని రంగు అది.

పరీక్షల్లో ఇంకొకటి తేలింది. వెలుగులో సరిగ్గా ఏ భాగం జాజి రక్తాన్ని రాజేస్తుందో, ఆ భాగాన్నే ఈ కొత్త రంగు మింగేస్తోంది. ఆ సంగతి చూసిన సాయంత్రం ఆమె ఇంటికొచ్చి ఇంట్లోకి వెళ్ళలేదు. మడి దగ్గరికి వెళ్ళి నిలబడింది. నూకరాజు వెనకాలే వచ్చాడు. వాళ్ళు చూస్తుండగానే వెలుగు తగ్గింది, తోటకూర ఆకులన్నీ ఒక్కసారిగా పైకి ముడుచుకున్నాయి.

"ఇదేటే, నీ కూర అప్పుడే ముసుగు తన్నేసింది!" అన్నాడు నూకరాజు.

"తోటకూర సాయంత్రం ఆకులు ముడుస్తుందండీ. కొత్తేం కాదు" అంది సువర్చల. అన్నీ ఇలా ఒకే క్షణంలో ముడుచుకోవడం మాత్రం కొత్తేనని ఆమె కంటికి తోచింది. మనసు ఇంకోచోట ఉంది.

ఆ రంగు తిన్న మనిషి చర్మానికీ పడుతుందేమో చూడాలని మొదట తనే తింది. పప్పులో వేసుకుని, వేయించుకుని, పులుసు పెట్టుకుని నెలల తరబడి తింది. అరచేతులు లేత గులాబీ రంగుకి తిరిగాయి. సాయంత్రమైతే కళ్ళు కాస్త బరువెక్కేవి. పని ఎక్కువైందిలే అనుకుంది. కావలసిన అనుమతులు వచ్చాక, ఏలియా గారు దగ్గరుండి చూస్తుండగా, జాజి కంచంలోకి ఆ కూర వచ్చింది.

జాజికి అప్పుడు పదేళ్ళు. వర్షాలు వెలిసిన ఒక ఉదయం వీధి గుమ్మం దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. ఫోనులో అవతల డాక్టరుగారు ఉన్నారు. నీడ గడప దాటి కొంచెం ముందుకి పరుచుకుని ఉంది. దాని అవతల ఎండ.

"మండితే ఎంటనే లాగేసుకో" అన్నాడు నూకరాజు.

జాజి ఒక్క వేలు చాపింది. తర్వాత చెయ్యి. తర్వాత మోచేయి దాకా. చేతిమీద నూగు బంగారంలా వెలగడం చూసి, "అమ్మా, నాకు చేతిమీద ఎంట్రుకలున్నాయి!" అంది ఆశ్చర్యంగా. మరుక్షణం ఎండలోకి గెంతింది. తన నీడ తనతోపాటు గెంతడం చూసి అరిచింది. దాన్ని తొక్కాలని వాకిలంతా తిరిగింది. సువర్చల గుమ్మానికి ఆనుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. డాక్టరుగారు ఫోనులో "హలో, హలో, ఏమైందమ్మా?" అంటూనే ఉన్నారు.

ఆ తర్వాతి రోజులు పండు కొరికినట్టే గడిచాయి. జాజి బడికి వెళ్ళింది. రెహానా అనే స్నేహితురాలు దొరికింది. ఇద్దరూ కాలవగట్టు మీద పరిగెత్తారు, తూనీగల వెంటపడ్డారు, కారణం లేకుండా గంటల తరబడి ఎండలో కూర్చున్నారు. జాజి చర్మం సన్నటి నేరేడు ఛాయలో మెరిసేది. రంగు చూసి బడిలో ఒకరిద్దరు వెక్కిరిస్తే రెహానా వాళ్ళ జడలు పట్టుకుని లాగింది.

సాయంత్రం మాత్రం జాజి నిద్రపోయేది.

మొదటిరోజు నీళ్ళగొట్టం చేతిలో ఉండగానే నిద్రపోయింది. నూకరాజుకి ఏదో చెబుతోంది. "రెహానా వాళ్ళ మేకపిల్ల ఉంది నాన్నా, అదీ" అని ఆగింది. అతను తిరిగి చూసేసరికి మట్టిమీద ఒరిగిపోయి ఉంది. గొట్టంలోంచి నీళ్ళు ఆమె పాదాల చుట్టూ పారుతున్నాయి. పగలంతా పరుగులు తీసింది కదా, అలిసిపోయిందిలే అని ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. కాలవ అవతల సూర్యుడు అటు దిగగానే ఇటు కళ్ళు మూతపడేవి. పిలిచినా, కుదిపినా, మొహాన నీళ్ళు చల్లినా చలనం ఉండేది కాదు. తెల్లవారాక తొలి వెలుగు కిటికీలో పడగానే, రాత్రి ఆపిన మాట దగ్గరినుంచే మళ్ళీ మొదలుపెట్టేది.

"గుండె బాగుంది, రక్తం బాగుంది" అన్నారు ఏలియా గారు. "అయితే నాకు ఈ నిద్ర నచ్చట్లేదమ్మా."

"నాకెందుకు రాలేదండీ ఇలాగ? నేనూ తిన్నాను కదా" అంది సువర్చల.

"మీలో ఆ రంగు వచ్చిన దారినే పోతుంది. ఈ పాప చర్మంలో ముడిసరుకు కాచుకుని ఉంది కదా, దాన్ని పట్టుకుని ఉండిపోతోందేమో."

ఆ మాటలు సువర్చలని వెంటాడాయి. కానీ ఎండలో పరిగెత్తే పిల్లని చూసినప్పుడల్లా కూర ఆపేద్దామన్న మాట నోట్లోనే ఆగిపోయేది. నిద్రే కదా, అనుకునేది. ప్రపంచంలో పిల్లలందరూ నిద్రపోతారు కదా.

నూకరాజు సాయంత్రాలు ఒంటరివైపోయాయి. గొట్టం పట్టుకుని పారిజాతాల మధ్య నడిచేవాడు. ఏదైనా తమాషా తోస్తే చెబుదామని పక్కకి తిరిగేవాడు. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. పగలు తనూ జాజితో ఉండాలని చూశాడు గానీ, పగలు ఆమెకి బడి ఉంది, రెహానా ఉంది, ఇన్నేళ్ళ ఎండ బాకీ ఉంది. పొద్దున్నే టిఫిను దగ్గర ఆమె అడిగేది, "నాన్నా, రాత్రి ఏం పూసినియ్యి?" అని. ఏదో దూరపు ఊరి కబుర్లు అడిగినట్టు అడిగేది. అతను ఒక్కొక్కటీ చెప్పేవాడు. చెబుతుండగానే బడి బస్సు హారన్ వినబడేది.

ఒకసారి సువర్చల జడ వేస్తూ అడిగింది, "నిద్రలో కలలొస్తున్నాయా జాజీ?"

"కలలు రాట్లేదమ్మా. కింద నుంచి నీళ్ళు పైకెక్కుతున్నట్టుంటాది. చల్లగా, శబ్దం లేకుండా. కాళ్ళలోంచి జుట్టు దాకా." ఆగి అంది, "బానే ఉంటాది. కానీ అక్కడ నేనుండను."

సువర్చల వేళ్ళు జడలో ఆగిపోయాయి.

చలికాలం వచ్చి పగళ్ళు పొట్టివయ్యాయి. జాజి పగళ్ళూ పొట్టివయ్యాయి. ఆపైన సముద్రంలో వాయుగుండం పుట్టి తుఫానుగా మారింది. శుక్రవారం తెల్లవారింది గానీ వెలుగు రాలేదు. ఆకాశం బూడిదరంగు దుప్పటిలా కొబ్బరిచెట్ల మీదికి దిగింది. జాజి లేవలేదు. మధ్యాహ్నం ఒకసారి కళ్ళు సగం తెరిచి, పలచటి వెలుగున్న కిటికీవైపు మొహం తిప్పి, మళ్ళీ మూసుకుంది. శనివారం గాలి తగ్గింది, వాన తగ్గలేదు, కరెంటు లేదు. జనరేటరు పెట్టి లాబ్‌లోని పెద్ద దీపాలు తెప్పించి మంచం చుట్టూ వెలిగించారు. జాజి మొహం ఒక దీపం నుంచి ఇంకో దీపానికి తిరిగింది. పెదవులు కదిలాయి. మెలకువ మాత్రం రాలేదు.

ఏలియా గారు వర్షంలోనే కారేసుకుని వచ్చారు. నాడి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"నాడి మందగించింది. చాలా మందగించింది."

"హాస్పిటల్‌కి తీసుకెళ్దామాండీ?" అన్నాడు నూకరాజు.

"గ్లూకోజ్ ఇక్కడే పెడతాను. అక్కడికెళ్ళినా నేను పెట్టలేనిది ఎండ ఒక్కటే."

సువర్చల లేచి వానలో తడుస్తూ మళ్ళ దగ్గరికి వెళ్ళింది. పగలు పన్నెండు గంటలవేళ. మామూలు తోటకూర మడిలో ఆకులు వానకి తలలు వంచినా విప్పారే ఉన్నాయి. తోక విటమిన్ మడిలో మాత్రం ప్రతి ఆకూ దగ్గరగా ముడుచుకుని, చేతులు జోడించినట్టు నిలబడి ఉంది. శుక్రవారం నుంచీ అవి విప్పుకోలేదు. ఒక ఆకుని వేళ్ళతో విప్పింది. వదలగానే అది మళ్ళీ ముడుచుకుంది. మళ్ళీ విప్పింది. మళ్ళీ ముడుచుకుంది.

లోపలికొచ్చి, తడి బట్టలతోనే భర్త ముందు నిలబడింది.

"నేను గొడుగొక్కటే అనుకున్నానండీ. ఆ రంగు కాపలా కూడా కాస్తోంది. వెలుగు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడెళ్ళిందో అదే చూసుకుంటోంది. వెలుగు లేదంటే ఒళ్ళంతటికీ పడుకోమని చెబుతోంది. ఆకు రోజుల తరబడి అలా ఉండగలదు. పిల్ల ఉండలేదు." ఇంకేదో అనబోయి, "ఎండ కావాలండీ" అంది.

నూకరాజు లేచాడు. ఫోను తీశాడు. అన్ని జిల్లాల్లోనూ అతని దగ్గర మొక్కలు కొన్నవాళ్ళున్నారు. ఒక్కొక్కరికీ ఫోను చేశాడు.

"ఏవండీ, కడియం నుంచి నూకరాజునండి. మీకాడ ఎండుందాండి?"

భీమవరంలో కుండపోత. ఏలూరులో ముసురు. నూజివీడులో మబ్బు. అవతలివాళ్ళు మొక్కల సంగతేమోననుకుని ఏదో చెప్పబోతే, "మొక్కల గురించి కాదండి. ఎండుందా లేదా, అది సెప్పండి సాలు" అనేవాడు. చాలాసేపటికి సరిహద్దు అవతల వైరా దగ్గర మామిడితోట ఆసామి అన్నాడు, "ఇయ్యాల మబ్బున్నది గానీ ఇరుగుతాంది. రేపు ఎండ కొట్టేటట్టే ఉన్నది నూకరాజూ."

ఆదివారం తెల్లారగానే మొక్కలు తీసుకెళ్ళే వ్యాన్‌లో పరుపు వేసి జాజిని పడుకోబెట్టారు. సువర్చల ఆమె తల ఒళ్ళో పెట్టుకుంది. డాక్టరుగారు గ్లూకోజ్ సీసా పైకమ్మీకి కట్టి, తనూ ఎక్కి పక్కనే కూర్చున్నారు. గోదావరి వంతెన మీద నీళ్ళకీ ఆకాశానికీ తేడా తెలియలేదు. వ్యాన్ రెండు బూడిదరంగుల మధ్య తేలిపోతున్నట్టుంది. కొవ్వూరు దాటింది. జంగారెడ్డిగూడెం దాటింది. పామాయిల్ తోటల్లో వాన సన్నబడింది. అశ్వారావుపేట దగ్గర రోడ్డు పొడిగా కనిపించింది. నూకరాజు స్టీరింగ్ మీదికి వంగి ఆకాశంలో పలచబడ్డ చోటు కోసం వెతుకుతూ, రోడ్డు ఎటు తిరిగినా ఆ చోటు వైపే పోనిస్తున్నాడు.

వైరా దాటాక మబ్బు చిరిగింది. ముందు దూరంగా ఒక పత్తిచేను మాత్రమే వెలిగింది, తక్కిన నేలంతా నీడలో ఉంది. నూకరాజు వ్యాన్‌ని రోడ్డు దింపి బండిబాటలో పోనిచ్చాడు. జాజిని ఎత్తుకుని చేలోకి పరుగెత్తాడు. సీసా పట్టుకుని డాక్టరుగారు వెనకాలే పరుగెత్తారు. పత్తి ఏరుతున్న ఆడవాళ్ళు నిటారుగా లేచి చూశారు. వాళ్ళలో పెద్దావిడ కొమురమ్మ ఎదురొచ్చింది.

"ఏమాయె బిడ్డా, పొల్లకు పాణం బాగలేదా? ఎండల పండవెడ్తున్నరేంది, నీడకు తీస్కపోండ్రి!"

"ఎండే కావాలమ్మా" అంది సువర్చల. "మా పాపకి ఎండే కావాలి."

కొమురమ్మ ఒక్కక్షణం ఆమె మొహంలోకి చూసింది. తన పత్తి మూట విప్పి ఎండలో పరిచింది. "ఈడ పండవెట్టు" అంది.

తెల్లటి పత్తిమీద, మధ్యాహ్నపు ఎండలో, జాజి పడుకుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు తమ నీడ ఆమె మీద పడకుండా దూరంగా జరిగి నిలబడ్డారు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఆమె చర్మంలో ఆ నేరేడు ఛాయ లోపలినుంచి కదిలినట్టు అనిపించింది. వేళ్ళు విచ్చుకున్నాయి. మెడ సూర్యుడివైపు తిరిగింది. పొడుగాటి ఊపిరి ఒకటి తీసి, కళ్ళు తెరిచింది.

"ఆకలేత్తంది" అంది.

నూకరాజు చేలో చతికిలబడి ఏడ్చాడు. కొమురమ్మ సద్దిగిన్నె తెరిచి పచ్చిపులుసు అన్నం కలిపి పెట్టింది. జాజి ఆబగా తింటూ చుట్టూ చూసింది.

"ఇదెక్కడ? ఇయ్యాల శుక్రవారమే కదా, బడుండాలి."

"ఆదివారం జాజీ" అంది సువర్చల.

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "మరి శుక్రవారం? శనివారం?"

"వెళ్ళిపోయాయి."

"నేను లేకుండానా?"

జాజి తండ్రి వైపు చూసింది. ఎండలో అతని మొహం ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడనట్టు చూసింది. "నాన్నా, నీ గెడ్డం తెల్లగైపోయిందే" అంది నెమ్మదిగా. ఎడమచేత్తో ఆ గెడ్డాన్ని తాకింది.

ఆ మధ్యాహ్నమంతా వాళ్ళు అక్కడే ఉన్నారు. సువర్చల కూతురికి గొడుగు సంగతీ, కాపలా సంగతీ, ఏదీ దాచకుండా చెప్పింది. కూర తిన్నంతకాలం ఎండ మండదు, కానీ మబ్బు పట్టిన ప్రతిసారీ ఇలాగే అవుతుంది. ఈసారి డాక్టరుగారు కూడా భయపడ్డారు. కూర మానేస్తే కొద్ది వారాల్లో పాత చర్మం రాలిపోయి, రంగు పోతుంది. మళ్ళీ మంట వస్తుంది. మళ్ళీ తెరలు.

"గొడుగుంచేసి కాపలావోణ్ణి తీసెయ్యలేవా అమ్మా?"

"ఇద్దరూ ఒక్కరే జాజీ. విడదీయడానికి చూస్తాను. చూస్తూనే ఉంటాను. మాట మాత్రం ఇవ్వలేను."

జాజి కోపంగా లేచి వెళ్ళిపోయింది. కొమురమ్మ పక్కన చేరి, పొద్దు వాలేదాకా పత్తి ఏరింది. ఒళ్ళో మబ్బుతునకలు నింపుకున్నట్టు దూరం నుంచి కనిపించింది. తిరిగొచ్చేసరికి ఆమె నీడ చాలా పొడుగైంది. కళ్ళు అప్పుడే బరువెక్కుతున్నాయి.

"మానేత్తానమ్మా" అంది. "మండితే మండుద్ది. మండినప్పుడు నేను ఉంటాను కదా. అక్కడ నేనుండట్లేదు."

ఇంకేదో చెప్పాలని ప్రయత్నించింది. పడమట సూర్యుడు పత్తిచేలమీదికి దిగాడు. నూకరాజు చేతులు చాచి, ఒరిగిపోతున్న పిల్లని పట్టుకున్నాడు.

కూర ఆగిపోయింది. తుఫాను పోయాక ఎండలు నిలకడగా కాశాయి. ఉన్నన్నాళ్ళూ జాజి ఆ ఎండని ఒక్క గడియ వదల్లేదు. రెహానాతో కలిసి అన్నం పళ్ళెం కూడా వాకిట్లోకే తెచ్చుకునేది. మెల్లగా అరచేతుల్లో రంగు పలచబడింది. పొద్దుగూకాక నిద్ర రావడం రోజురోజుకీ కొంచెం ఆలస్యమైంది, కొంచెమే. సువర్చల మళ్ళీ మొదటినుంచి పని మొదలుపెట్టింది. మడిలోని తోటకూరకి తోక విటమిన్ చల్లడం మానేసింది. కొత్త ఆకులు మామూలు ఎరుపులోనే వచ్చాయి.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో, ఒక సాయంత్రం జాజి బస్సు దిగి నేరుగా తల్లి దగ్గరికొచ్చింది. కుడిచెయ్యి వీపు వెనక దాచుకుని ఉంది.

"ఏదీ, చూపించు" అంది సువర్చల.

జాజి చెయ్యి చాపింది. వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి మెరుస్తున్నాయి. పెదవి కొరుక్కుంటోంది. కళ్ళనిండా నీళ్ళు. ఆ నీళ్ళ వెనకనుంచి నవ్వుతోంది కూడా.

"మజ్జాన్నం నుంచి మండుతోందమ్మా. మేడంకి చెప్పలేదు. చెప్తే ఇంటికి పంపేత్తారని."

సువర్చల గిన్నెలో చల్లటి నీళ్ళు తెచ్చి అరుగుమీద పెట్టి, ఆ చేతిని అందులో ముంచి పట్టుకుంది. నూకరాజు పని వదిలేసి వచ్చి రెండోవైపు కూర్చున్నాడు. ముగ్గురూ పడమటికి చూస్తున్నారు. సూర్యుడు కొబ్బరి మట్టల మధ్యకి దిగాడు, అంచు మాత్రమే మిగిలాడు, అదీ పోయింది. నూకరాజు కూతురి భుజం చుట్టూ చెయ్యి వేసి, ఆ బరువు ఒరిగే క్షణం కోసం ఊపిరి బిగబట్టాడు. ఆకాశంలో ఎరుపు వంగపండు రంగయింది, ఆపైన నీలమైంది. కాలవలో వెలుగు ఆరిపోయింది. పక్కవాళ్ళ మొహాలు కనబడటం మానేశాయి.

చాలాసేపటికి, చీకట్లోంచి, జాజి గొంతు వినబడింది.

"నాన్నా, నేనింకా ఉన్నాను."